సత్యవతిగారి మంచినీళ్ల మీద వేసిన నింద

ఈ సంగతి పట్నంలోని ఓ పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. మనిషిని పంపి చెప్పించాను. చివరికి వైద్యుల సమావేశంలో లేచి నిలబడి చెప్పాను. నేను సగంలో ఉండగానే అందరూ టీలకు లేచారు. అది నేను మరచిపోలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది, వానాకాలం. అమలాపురంలోని నా నర్సింగ్ హోమ్‌కి కాట్రేనికోన నుంచి సత్యవతిగారిని ఆటోలో తీసుకొచ్చారు. ఎండుచేపల వ్యాపారం ఆవిడది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే పట్నంలోని ఆ ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఇంజక్షన్లు చేశారు. ఇంటికొచ్చాక విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ అక్కడికే వెళితే, తాగే నీళ్లు మంచివి కావని తేల్చి మరో యాంటీబయాటిక్ ఇచ్చి పంపారు. నా దగ్గరకు వచ్చేసరికి పొట్ట ఉబ్బి, నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. సెలైన్ పెట్టించి, ఇంకేమైనా మందులు వాడారా అని అడిగాను.

“మా బావమరిది మస్కట్ నుంచి తెచ్చిన బిళ్లలున్నాయండి. పవరెక్కువంటండి,” అన్నాడు భర్త ధర్మారావు. “మోషన్లకి మా ఇంట్లో అందరం అయ్యే ఏసుకుంటామండి.”

అవీ యాంటీబయాటిక్కులే. గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెల్లో సెంటు సీసాల పక్కన ఈ బిళ్లలు ఉండని ఇల్లు మా వైపు తక్కువ.

నాకు క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అనే బాక్టీరియా మీద అనుమానం వచ్చింది. మన కాలేయం బైల్ యాసిడ్లను, అంటే పైత్యరసంలోని ఆమ్లాలను, తయారుచేస్తుంది. పేగులోని మంచి బాక్టీరియా వాటిలో కొన్నింటిని వేరే రూపంలోకి మారుస్తుంది. మారిన ఆమ్లాలు ఈ చెడ్డ బాక్టీరియాను పెరగనివ్వవు, దాని విషాన్నీ అదుపులో ఉంచుతాయి. మారకుండా మిగిలినవి దాని బీజాలు మొలకెత్తడానికి సాయపడతాయి. యాంటీబయాటిక్ మంచి బాక్టీరియాను చంపేస్తే మార్చే దిక్కు ఉండదు. బీజాలు మొలుస్తాయి, టాక్సిన్ అనే విషం పేగు గోడను తినేస్తుంది. ఇంజక్షన్లతో, రెండో మందుతో, మస్కట్ బిళ్లలతో ఆవిడకు మూడుసార్లు ఆ రక్షణ తీసేశారు.

ఆ ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేసి, టాక్సిన్ టెస్ట్ ఎందుకు చేయించలేదని అడిగాను.

“పల్లెటూరి విరేచనాలకి టాక్సిన్ టెస్టేంటండీ!” అని నవ్వాడు. “నీళ్లు కాచుకు తాగమనండి. మీరు కూడా కాచుకు తాగండి.”

నేనే ఆవిడ మలం శాంపిల్ ల్యాబ్‌కి పంపించాను. టాక్సిన్ ఉందని తేలింది. మిగతా మందులన్నీ ఆపేసి వాంకోమైసిన్ మొదలుపెట్టాను. దీన్ని నరంలోకి ఎక్కిస్తే ఈ జబ్బుకు పనిచేయదు, నోటితోనే తాగాలి.

“ఇదీ యాంటీబయాటికేనంటగదండీ?” అంది సత్యవతిగారు నీరసంగానే. “వద్దన్నారు, మళ్లీ మీరే పోస్తన్నారు. ఓ మాట మీదుండరేంటండి డాట్రుగారూ?”

“ఇది పేగు దాటి పోదండి. ఆ పురుగునే పట్టుకుంటుంది. తాగండి.”

“ఆయ్. చేదుగా ఉంటే మాత్రం మీకూ ఓ గుక్క పోస్తానండి.”

ఆ మాట విన్నాక బతుకుతుందని నాకు ధైర్యం వచ్చింది. బతికింది.

కొన్ని నెలల తరువాత అటు వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. కుర్చీ వేశారు. ధర్మారావు పరుగున వెళ్లి కొబ్బరిబొండం కొట్టించుకొచ్చాడు. మంచినీళ్లు చాలన్నాను. ఆవిడ తల వంచుకుంది.

“మా ఇంట్లో నీళ్లు ఎవరికీ ఇయ్యట్లేదండి,” అంది. “పట్నం ఆసుపత్రిలో ఆ డాట్రుగారు అందరి ముందూ అన్నారు కదండీ, నీ నీళ్లే నిన్ను చంపుతున్నాయని. ఊరంతా తెలిసిపోయిందండి. మీరు కాదన్నా, ఆయన పెద్ద డాట్రుగారు కదండీ.”

గడప తొక్కినవాళ్లకు చెంబుతో మంచినీళ్లు ఇవ్వకుండా పలకరించడం తెలియని ఊళ్లో, ఆవిడ చేత ఆ చెంబు కింద పెట్టించారు. నేను లోపలికి వెళ్లి, కుండలో నీళ్లు ముంచుకుని వాళ్లెదురుగానే తాగాను. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. నింద వేసిన నోరే దాన్ని వెనక్కి తీసుకోవాలని నాకు తెలిసింది అక్కడే.

డాక్టరుగారూ, జబ్బు నీళ్ల వల్ల రాలేదు. మనం రాసిన మందుల వల్ల వచ్చింది. ఇది చదివి ఊరుకోకండి. కాట్రేనికోన వచ్చి, ఆవిడ చేతి మంచినీళ్లు అడిగి తాగి, ఆ మాట నలుగురి ముందూ చెప్పండి. ఎప్పుడొస్తారో ఈసారైనా నాకు జవాబు ఇవ్వండి.