కొంగున ముడివేసిన బీపీ చీటీ

ఆ ఉదయం మహేంద్రమంగళంలోని మా తోటలో టమాటాలు కోస్తూ నా భార్య రాజమ్మ గట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. "నేలంతా తిరగతా ఉంది" అంది. వాంతి చేసుకుంది.

ఆమెకు పదేళ్లుగా బీపీ. దగ్గర్లోని పాలకోడు ఊళ్లో డాక్టర్ రాసిన మాత్ర రోజూ వేసుకునేది. తల తిరుగుడు తగ్గక మూడో రోజు ధర్మపురిలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోయాం. వరుసలో కూర్చున్నప్పుడు నేను ఆ పాత బీపీ చీటీ తీస్తే ఆమె లాక్కుని కొంగున ముడివేసుకుంది.

"ఒక డాక్టర్ చీటీ ఇంకొకాయన ముందర పెడితే, మన డాక్టర్ మీద చాడీ చెప్పినట్ల గదా. గమ్మునుండు."

మా వైపు ఇది పాత మర్యాద. గమ్మునున్నాను.

డాక్టర్ వినికిడి టెస్ట్ చేయించాడు. పడుకోబెట్టి, తల తిప్పి, కళ్లు చూశాడు. "ఇన్నర్ ఇయర్ ప్రాబ్లమ్. వర్టిగో. బీపీకి, షుగర్‌కు టాబ్లెట్స్ ఏమైనా?"

రాజమ్మ నా వైపు చూసింది. "లేదు సార్" అన్నాను. ముప్పై ఏళ్లు పత్రికకు వార్తలు రాశాను. ఎదుటివాళ్లు దాచింది అడిగి రాబట్టడమే నా పని. నర్సు చూసిన బీపీ నార్మల్‌గా ఉంది. అది మాత్ర వల్లేనని మేం చెప్పలేదు.

ఆయన రాసిచ్చిన మాత్రతో తల తిరుగుడు తగ్గింది, మత్తు వదల్లేదు. అయిదో రోజు బీపీ మాత్ర, ఈ కొత్త మాత్ర రెండూ వేసుకుని కాసేపు నడుం వాల్చింది. "పొద్దెక్కిపాయ, కాయ కోయల్ల" అంటూ గబుక్కున లేచి, గడప మీద కూలిపోయింది. హిప్ ఫ్రాక్చర్.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ స్ట్రిప్‌లన్నీ తెప్పించి చూశాడు. "ఈ వర్టిగో టాబ్లెట్ కూడా బీపీ తగ్గించగలదు. రెండూ కలిసి, లేచి నిలబడగానే లో బీపీ అయినట్టుంది. ముందే చెప్పి ఉంటే వేరే మందు రాసేవాళ్లు."

తుంటికి ఆపరేషన్ చేశారు; ఇన్ఫెక్షన్ వచ్చి రెండో ఆపరేషన్ కూడా అయింది. ఇంటికొచ్చిన రోజు వాకర్ కేసి చూసి రాజమ్మ అంది: "డాక్టర్ మరియాద కాపాడినాము. నా కాలు పాయ."

పాలకోడు డాక్టర్‌కు విషయం చెప్పాను. "నాకు ఒక ఫోన్ చేసినా ఆ సార్‌తో నేనే మాట్లాడుండేవాణ్ణి గదప్పా" అన్నాడు.

ఇప్పుడు రాజమ్మ వాకిలి దాకా వస్తుంది, అంతే. తోట కౌలుకిచ్చాం. నేను అటు పోయివస్తే, "ఎర్రబడిందా?" అంటుంది. ఒక కాయ తెచ్చి చేతిలో పెడతాను.

ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, వేసుకునే మాత్రలన్నీ స్ట్రిప్‌లతో సహా ఒకే సంచిలో తీసుకుపోయి బల్ల మీద పెట్టండి. పక్కనున్నవాళ్లు చీటీని కొంగున ముడివేసుకుంటే, విప్పించండి. నేను విప్పించలేదు.