మా క్వార్టర్‌లో యెరికో వీడియో

మొన్న ఆఫీసులో ఎన్నాళ్లుగానో మూలన పడి ఉన్న ప్రొజెక్టరు ఆన్ చేస్తే, లోపలి దుమ్ము వేడెక్కి సన్నగా మాడిన వాసన వచ్చింది. అందరూ ముక్కులు మూసుకుంటే నేను ఇంకాస్త దగ్గరకి జరిగాను. మా చిన్నప్పుడు భిలాయిలో అద్దెకు తెచ్చిన వీసీఆర్ ఒక గంట ఆడాక అచ్చం ఇదే వాసన వేసేది. తొంభైల్లో ఒకానొక డిసెంబరు మొత్తం నా ముందుకొచ్చి నిలబడింది.

మా సెక్టారులో డిసెంబరు అంటే వీధి పొడవునా నూనె వాసన. అమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న అచ్చుతో గులాబీ పువ్వులు వేస్తుంటే, పక్క క్వార్టరు ఆంటీ గాజర్ హల్వా కలుపుతూ గోడ మీంచే కబుర్లు చెప్పేది. ఆడవాళ్లంతా మధ్యాహ్నపు ఎండలో మంచాలేసుకుని పచ్చి బఠాణీలు ఒలుస్తుంటే, మేం పిల్లలం సగం తినేసి, మిగతా గింజలతో గురి చూసి కొట్టుకునేవాళ్లం. షిఫ్టు సైరను మోగగానే రోడ్డంతా సైకిళ్లే. స్టీల్ ప్లాంటు మిల్లు మోతలో అరిచి మాట్లాడటం అలవాటైన నాన్న గొంతు ఆయన సైకిలు కన్నా ముందే ఇల్లు చేరేది.

మా అప్ప పేరు కరుణ. మా వైపు అక్కని అప్ప అంటారు. నాకన్నా ఐదేళ్లు పెద్దది, పదిహేడేళ్లకే మా చర్చిలో హార్మోనియం వాయించేది. తనకీ, కోయిర్‌లో తన పక్కన పాడే నిర్మలా దీదీకీ యెరికో అంటే ప్రాణం. యెరికో కలకత్తా కుర్రాళ్ల బ్యాండు. యేసు పాటల్నే ఎలక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్ములతో గొంతు చించుకుని పాడేవాళ్లు. మా దగ్గరున్న ఆడియో కేసెట్టు ఎన్ని చేతులు మారి కాపీ అయిందో గాని, పాట కింద ఇంకో పాట సన్నగా వినపడేది. అయినా కోయిర్ పిల్లలంతా దాన్ని అరిగిపోయేలా విన్నారు. వాళ్ల మొహాలు మాత్రం ఎవరూ చూడలేదు. అందుకే వాళ్ల కచేరీ వీడియో విడుదలైందని తెలిసి, నిర్మలా దీదీ చుట్టాల చేత దాన్ని కలకత్తా నుంచి తెప్పించిన రోజు, అప్ప ఆ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తెరవలేదు.

క్రిస్మస్ వెళ్లిన శనివారం చర్చి హాల్లో అందరం కలిసి చూడాలనుకున్నాం. కుర్చీలు వేస్తుండగా సంఘపెద్ద వచ్చాడు. డబ్బా మీద, జుట్టు విరబోసుకుని గాల్లోకి ఎగిరిన గిటారిస్టు బొమ్మ చూసి ఆయన మొహం నల్లబడింది.

"ఇది ఆరాధనా, పూనకమా? దీన్ని చూసినవాళ్లు కోయిర్‌లో ఉండరు," అన్నాడు.

కుర్చీలు మళ్లీ మడిచేశాం. అప్ప కేసెట్టుని చున్నీలో చుట్టుకుని, నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని ఇంటికి తొక్కింది. సంగతి విని అమ్మ భయపడింది.

"ఒగ్గేయే తల్లీ. రేపు సంఘంలో తలెత్తుకు తిరగొద్దేటి?"

"నేనేటి తప్పు సేసినానని తలొంచుకోవాలి?" అంది అప్ప.

నాన్న టీ తాగుతూ విన్నాడు. మర్నాడు ఆరాధన కాగానే పవర్ హౌస్ బజారుకి వెళ్లి, ఒళ్లో వీసీఆర్ పెట్టుకుని రిక్షా దిగాడు.

కోయిర్ పిల్లలు ఎనిమిది మందీ వచ్చారు. పక్క ఆంటీ హల్వా గిన్నెతో వచ్చింది. టీవీలో గాయకుడు మైకు దగ్గరకి రాగానే గదిలో అందరూ నీరుగారిపోయారు. రెండేళ్లుగా మేం ఊహించుకున్న ఆజానుబాహువు కాదు. పొట్టివాడు, బట్టతల మొదలవుతోంది, పైగా సోడాబుడ్డి కళ్లద్దాలు. "యహీ హై క్యా?" అంది నిర్మలా దీదీ, ఇతనేనా అని దిగులుగా. అతను నోరు తెరిచాడు. గొంతు మాత్రం అదే. దీదీ వెక్కి వెక్కి ఏడ్చింది. డ్రమ్ములు వాయించే చోట రివైండ్ చెయ్యమని ఒకడి గోల, తనకిష్టమైన పాట వీడియోలో కోసేశారని ఇంకొకడి తిట్లు. ఒకమ్మాయి ఇన్నాళ్లూ తప్పుగా రాసుకున్న మాటల్ని నోటుబుక్కులో దిద్దుకుంటోంది. అప్ప కదల్లేదు. తన వేళ్లు మాత్రం మోకాళ్ల మీద హార్మోనియం మెట్లు వెతుకుతున్నాయి.

అంతలో గుమ్మంలో సంఘపెద్ద. మోత వీధి చివరి దాకా వినపడిందట.

"మీరైనా చెప్పాలి గదండీ! ఈ గోలలో దేవుడుంటాడా?"

నాన్న లేచి ఆయనకి కుర్చీ వేశాడు. తన మామూలు గొంతుతోనే, అంటే వీధంతా వినేలా, అన్నాడు: "మిల్లులో ఇంతకి పదింతలు మోతండి బాబూ. ఇరవయ్యేళ్లుగా ఆ మోతలోనే పార్దన సేసుకుంతన్నాను. దేవుడికి ఇనపడకపోతే ఇన్నాళ్లూ నన్నెవుడు కాసినాడు? కూకోండి, హల్వా తిని, సూసి ఎల్లండి."

ఆయన కూర్చోలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో, అప్ప అందరి ముందూ క్షమాపణ అడగాలన్నారు సంఘపెద్దలు. అప్ప లేచింది. "చూశాను. మళ్లీ చూస్తాను. ఆ పాటలు వింటే నాకు ప్రార్థన చేసుకోవాలనిపించింది. దానికి క్షమాపణ ఎలా చెప్పాలో నాకు తెలీదు," అంది. ఇక హార్మోనియం ముందు కూర్చోవద్దన్నారు. అప్ప నడిచి వెళ్లి చివరి వరసలో కూర్చుంది. ఎనిమిది మందిలో ఐదుగురు ఆమె వెనకే వెళ్లారు, ముగ్గురు తల దించుకుని ఉండిపోయారు. అందరికంటే ముందు లేచి అప్ప పక్కకి వెళ్లింది మాత్రం, అంత భయపడ్డ మా అమ్మే. ఆ రోజు చివరి వరస ముందు వరసల్ని మింగేసేలా పాడింది.

ఆ చర్చిలో అప్ప మళ్లీ హార్మోనియం ముట్టలేదు. ముట్టమని ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. పెళ్లయ్యాక పాత కీబోర్డు ఒకటి కొనుక్కుని, ఇంటిదగ్గరే పిల్లలకి నేర్పింది.

ఇప్పుడు మా క్వార్టర్ల వరసే లేదు. నాన్నా, సంఘపెద్దా ఇద్దరూ పోయారు. యెరికో ఎప్పుడో విడిపోయింది, మా టేపుకి బూజు పట్టింది. పవర్ హౌస్‌లో వీడియో దుకాణాలున్న చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బఠాణీలు ఒలిచిన పాకెట్లలో వస్తున్నాయి. పోయిన క్రిస్మస్‌కి అప్పా నేనూ ఆ చర్చికి వెళ్తే, వేదిక మీద డ్రమ్ములు, రెండు గిటార్లు, వాటి ముందు ఎగిరెగిరి పాడుతున్న పిల్లలు. మా కథ విన్న చర్చి కుర్ర సెక్రెటరీ నవ్వేసి, "పోనీలెండి దీదీ, ఆ రోజుల్లో పెద్దవాళ్లకి తెలీదు కదా," అన్నాడు.

"తెలీక కాదు బాబూ," అంది అప్ప. "ఆల్లు తెలిసే ఆపినారు. మేం తెలిసే సూసినాం."