సంతకానికి ముందు ఒక ఫోను

డెబ్బై ఏళ్ళు దాటాక ఈ రోజు మొదటిసారి ఒక కథల పోటీకి కథ పంపాను. ఆఖరు తేదీ కూడా ఈ రోజే. 'ఈ కథ పూర్తిగా నా సొంతం' అని హామీపత్రం జతచేయాలన్నారు. అక్కడ నా కలం ఆగింది.

కథలో నాకు బాగా నచ్చిన మాట నేను పుట్టించింది కాదు. అలిగి అన్నం మానేసిన మా అత్తగారితో మా తోడికోడలు నూకరత్నం ఏనాడో అన్నది: "కోపం నామీద, కూడు మీద కాదు కదత్తా. తినీసి తిట్టు." అబద్ధం మీద సంతకం చేసే అలవాటు నాకు లేదు. రోలుగుంటలో ఉన్న నూకరత్నానికి ఫోను చేసి, కథంతా చదివి వినిపించి, అనుమతి అడిగాను.

"వాడుకో అక్కా, దానికింత బెంగేటి? గానీ, మనత్త నవ్వీసి తిన్నాదని రాసినావేటి?"

"తినలేదా?"

"నువ్వు పాఠాలు సెప్పడానికి బడికెళ్ళిపోనావు, నీకేటి తెలుస్తాది? ఆ పూట ఆవిడా తిన్నేదు, నానూ తిన్నేదు."

"అయితే ముగింపు మార్చేస్తాను."

"ఒద్దక్కా. కతలోనైనా తిననీ పాపం."

జరిగిందనుకుని రాసిన ముగింపు నా కల్పనేనని అప్పుడు తెలిసింది. ఆ ఒక్క మాట నూకరత్నానిదని హామీపత్రంలో ఒక వాక్యం చేర్చి, నిశ్చింతగా సంతకం చేసి, మనవరాలి చేత మెయిల్ చేయించాను. పోటీ నియమాలకు అది సరిపోతుందో లేదో తెలియదు, నా నియమాలకు సరిపోయింది. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

నూకరత్నాన్ని ఆదివారం భోజనానికి పిలిచాను. ఆ పూట అన్నం ఇంకా బాకీ ఉంది కదా.