తొంభైతొమ్మిదో చంద్రిక

ఇది రక్తం ఏరులై పారిన మహాయుద్ధ గాథ. నిజానికి రక్తం నా ముక్కులోంచి కారిన నాలుగు చుక్కలే, మిగతాదంతా ఎర్ర పెయింటు. మొన్న ధర్మవరంలో అక్క ఇంటి గేటుకు అదే రంగు వేస్తుంటే, ఆ వాసనకు నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది.

చిన్నప్పుడు సోమందేపల్లి దగ్గర మేం పట్టుపురుగులు పెంచేవాళ్లం. పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తట్టలను చంద్రికలంటారు. పక్క రైతులకు అరువిస్తే మారిపోకుండా నాయన వాటి మీద నంబర్లు రాయడానికి కూర్చున్నాడు. మేం అడ్డం పడుతుంటే ఒక లెక్క పడేశాడు.

"ఒకటి నుంచి నూరు దాకా రాస్తే తొమ్మిది ఎన్నిసార్లు వస్తాదో చెప్పండి. సరిగ్గా చెప్పినోళ్లను రేపు హిందూపురం గూళ్ల మార్కెట్టుకు తోడుకపోతా."

నాయన ఎద్దులకు గడ్డి వేయడానికి అటు పోగానే, "పంతొమ్మిది," అన్నాను.

"ఇరవై. తొంభైతొమ్మిదిలో రెండుండాయి కదరా," అంది అక్క.

"ఒక చంద్రికకు రెండు లెక్కలేంది?"

అక్క పెయింటు డబ్బా మూతతో నా ముక్కు మీద కొట్టింది. నేను ఆమె ముంజేతిని పళ్ల అచ్చులు పడేలా కొరికాను. జుట్లు పట్టుకుని దొర్లుతుంటే డబ్బా మా మీద ఒలికింది. అవ్వ వచ్చి చూసి, "పిల్లోళ్లు సచ్చిపోయినార్రా," అంటూ కూలబడింది.

ఆ పూటే ఇద్దరమూ హిందూపురం వెళ్లాం, ఆస్పత్రికి. సూదులు పొడిపించుకుని తిరిగొస్తుంటే బస్సులో అక్క అడిగింది.

"నాదే రైటు కదా నాయనా?"

ఆమెదే రైటని నాకు ఆరో తరగతిలో అర్థమైంది. నాయన మాత్రం టికెట్లు జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"మనకుండే చంద్రికలు అరవై రెండేనమ్మా."