ఆరో బోల్టు మీద పసుపు గీత

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి మొదట్లో, నన్ను లివర్‌మోర్ వర్క్‌షాపుకు ఫిట్‌మెంట్ లీడ్‌గా వేశారు. శాన్ రామన్‌లో మా ఇంటి నుంచి అరగంట లోపు డ్రైవ్. కొండదారుల్లో, రాళ్లలో, ఇసుకలో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లకు అదనపు సామాను తయారుచేసి బిగించే కంపెనీ మాది. ఫిట్‌మెంట్ లీడ్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. డ్రాయింగులు గీసే ఇంజనీర్లకు కింద, పానా పట్టే టెక్నీషియన్లకు పైన ఉండే మనిషి. కాగితం మీద కుదిరింది బండికి కుదురుతుందో లేదో చూడటం అతని పని. నేను మాత్రం లీడ్ అయ్యాక కూడా పానా వదల్లేదు. కష్టమైన బళ్లు నేనే బిగించేవాణ్ణి.

అక్కడ ఎక్కువగా చేసే పని స్కిడ్ ప్లేటు అమర్చడం. బండి కింద ఇంజన్ నూనె ఉండే ఆయిల్ ప్యాన్, దాని వెనక గేర్‌బాక్సు నేలకు జానెడు ఎత్తులో వేలాడుతుంటాయి. రోడ్డు మీద పరవాలేదు. కొండదారిలో ఒక్క రాయి తగిలితే ఆయిల్ ప్యాన్ పగిలి, నూనె మొత్తం కారిపోయి, బండి అక్కడే ఆగిపోతుంది. ఫోన్ సిగ్నల్ కూడా అందని చోట అలా ఆగిపోవడం మామూలు కష్టం కాదు. అందుకని కింద మందపాటి ఉక్కు పలకను అడ్డంగా బిగిస్తారు. అదే స్కిడ్ ప్లేటు. రాయి తగిలినా బండి దాని మీద జారుకుంటూ దాటిపోతుంది.

చూడటానికి ఆరు బోల్టుల పనే. కానీ దానికొక పద్ధతి ఉంది. ప్లేటును జాకీతో పైకి ఎత్తి, ఆరు బోల్టులనూ ముందు వేళ్లతోనే ఎక్కించాలి. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా బిగించకూడదు. బిగిస్తే ప్లేటు పక్కకు లాగేసి చివరి బోల్టు రంధ్రానికి కుదరదు. ఆరూ ఎక్కాక మధ్యవి రెండు, తర్వాత ముందువి రెండు, చివరగా వెనకవి రెండు, టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎంత బలంతో బిగించాలో దాని మీద ముందే పెట్టుకుంటాం. అంత బలం రాగానే అది టిక్కుమంటుంది. ఆ తర్వాత రెండో మనిషి తన రెంచ్‌తో ఆరు బోల్టులనూ మళ్లీ చూసి, ఒక్కోదాని తల మీది నుంచి ప్లేటు మీదకు పసుపు పెయింటు పెన్నుతో గీత గీయాలి. బోల్టు వదులై తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. బిగించిన మనిషి గీత గీయకూడదన్నది మా వర్క్‌షాపులో అందరికీ తెలిసిన నియమం.

మాకు ఆ రెండో మనిషి మాధవి. కరీంనగర్ అమ్మాయి, ముప్పై రెండేళ్లుంటాయి, ఇక్కడే ఎమ్మెస్ చేసింది. హెచ్ వన్ బీ మీద క్వాలిటీ ఇంజనీరుగా చేరింది. భర్త వీసా కూడా ఆమె వీసా మీదే ఆధారపడి ఉంది. పాప రెండో తరగతి. మా వర్క్‌షాపులో మేనేజర్ గ్రెగ్‌తో సహా అందరినీ పేరు పెట్టే పిలవాలి. నన్ను అందరూ ‘ప్రభా’ అనేవారు. మాధవికి మాత్రం అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. నలుగురిలో ఏ పిలుపూ లేకుండా మాట్లాడేది, ఇద్దరమే ఉన్నప్పుడు అంకుల్ అనేది. ఆ పిలుపు నాకు నచ్చేదని దాచడమెందుకు.

నేను వచ్చిన మొదటి వారంలో ఆమె నేను బిగించిన బోల్టు మీద రెంచ్ పెట్టబోయింది. నేను నవ్వుతూనే, “నీ వయసెంతో నా సర్వీసు అంత అమ్మాయ్. నా బోల్టు నువ్వు చూస్తావా?” అన్నాను. విశాఖలో పన్నెండేళ్లు, ఇక్కడ ఇరవై రెండేళ్లు పానా పట్టిన చెయ్యి నాది. నేను బిగించింది ఊడి వచ్చిందని ఇన్నేళ్లలో ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ మాట దొరికినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి కూడా. ఆమె సిగ్గుపడి రెంచ్ దించేసింది. ఆ తర్వాత నేను బిగించిన బళ్లకు గీతలు గీసి సంతకం పెట్టేది, అంతే. టెక్నీషియన్ల బోల్టులను మాత్రం ఒక్కటి వదలకుండా చూసేది.

అక్టోబరులో నాలుగు బళ్లు ఒకేసారి వచ్చాయి. సియెర్రా కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే వలంటీర్ల బళ్లవి. పని ముఖ్యమైనదని నాలుగూ నేనే బిగించాను. మూడో బండికి ఐదు బోల్టులు టిక్కుమన్నాయి. ఆరోది, వెనక ఎడమవైపుది, ఇంకా వేలి బిగువు మీదే ఉంది. అప్పుడే కొత్త ప్లేట్ల లోడు దిగిందని, ఒకసారి చూసుకోమని గ్రెగ్ కేకేశాడు. వెళ్లి ఇరవై నిమిషాలకు తిరిగొచ్చాను. నా లెక్కలో ఆ బండి అయిపోయింది. రెంచ్ తుడిచి సొరుగులో పెట్టేశాను. మాధవి వచ్చి, “మొత్తం అయిపోయిందా అంకుల్?” అని అడిగింది. “అయిపోయిందమ్మా, గీతలు గీసెయ్” అన్నాను. ఆమె ఆరు గీతలూ గీసింది. నేను బండిని ఎత్తి పెట్టిన లిఫ్ట్ దించాను.

పద్దెనిమిది రోజులకు ఆ బండి ట్రక్కు మీద తిరిగొచ్చింది. నడిపిన ఆమె పేరు డోనా, స్కూల్ బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దావిడ. ఒక ముసలాయన దారి తప్పాడని తెలిసి వెతకడానికి బయల్దేరారట. సన్నని మలుపులో బండి వెనక్కి తీస్తుంటే ప్లేటు వెనక అంచు నేలలో గుచ్చుకుని వంగిపోయి, బండి అక్కడే ఇరుక్కుపోయింది. ఆ ముసలాయన వేరే బండివాళ్లకు క్షేమంగానే దొరికాడు. కానీ డోనా, ఆమెతో వెళ్లినవాళ్లు మధ్యాహ్నమంతా ఆ దారిలోనే ఉండిపోయారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. “ఆ మనిషి మా వైపు ఉండుంటేనో?” అని మాత్రం అడిగింది.

బండిని లిఫ్ట్ మీద ఎత్తి చూశాం. ముందు, మధ్య నాలుగు బోల్టుల మీద పసుపు గీతలు చెక్కుచెదరలేదు. వెనక కుడివైపు బోల్టు తెగి, మొండెం రంధ్రంలోనే ఉంది. వెనక ఎడమవైపు రంధ్రం మాత్రం ఖాళీ. దాని లోపల మెలి తిరిగిన గాడులు, అంటే మరలు, కొత్తవాటిలా శుభ్రంగా ఉన్నాయి. గట్టిగా బిగించిన బోల్టు భారానికి తెగితే మొండెం మిగులుతుంది, లేదా మరలను చీరుకుని వస్తుంది. ఇది దానంతటదే తిరుక్కుంటూ ఊడి రాలిపోయింది, ఆ తర్వాత మొత్తం బరువు పక్కదాని మీద పడింది. అంటే దాన్ని ఎవరూ బిగించలేదు. గ్రెగ్ కేకేసిన క్షణం నాకు అక్కడే గుర్తొచ్చింది.

ఆ ఉదయమే గ్రెగ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ బండి తనిఖీ షీటు బల్ల మీద పెట్టాడు. బిగించినవారు అన్న గడిలో నా సంతకం, సరిచూసినవారు అన్న గడిలో మాధవి సంతకం. బిగించేవాడు ఎప్పుడో ఒకసారి మరిచిపోతాడు, అందుకే రెండో మనిషిని పెట్టుకున్నామన్నాడు. ఆరో బోల్టు మీద రెంచ్ పెట్టావా అని మాధవిని సూటిగా అడిగాడు. ఆమె నా వైపు చూడలేదు. సంతకం తనదే, బాధ్యతా తనదే అని ఇంగ్లీషులో చెప్పింది. చూడకుండా చూసినట్టు సంతకం పెట్టడం మా కంపెనీలో ఉద్యోగం పోయే తప్పు. సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి, వేరే దారి లేదన్నాడు గ్రెగ్. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ పది నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత బ్రేక్ రూమ్‌లో ఆమె మైక్రోవేవ్ ముందు నిలబడి ఉంది. లోపల గిన్నె తిరగడం ఎప్పుడో ఆగిపోయింది. నేను చూడొద్దన్నానని ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఏం చెప్పాలె అంకుల్? మీరు వద్దన్నరు, నేను ఊకున్న. పెన్ను పట్టుకున్నది నేనే గదా.”

“నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఏమైంది?”

“పెండింగ్‌ల ఉంది. జాబ్ పోతే సిక్స్‌టీ డేస్‌ల దేశం ఇడిచి పోవాలె. పాపోళ్ల డాడీకి ఇంకా చెప్పలే. పాప స్కూల్ గురించే ఆలోచిస్తున్న.” మైక్రోవేవ్ తలుపు తెరిచి, “మీరు ఏడాదిన్నరల రిటైర్ అయితరు. ఇప్పుడు మీ పేరు ఖరాబ్ చేసుడెందుకని ఊకున్న” అంది.

నా పేరు కాపాడటానికి ఆ పిల్ల తన ఇల్లు పణంగా పెట్టింది. అప్పటికీ నేను వెంటనే లేవలేదన్నది నిజం. లిఫ్ట్ దగ్గరికెళ్లి ఆ ఖాళీ రంధ్రం వైపు చాలాసేపు చూశాను. గ్రెగ్ పంపే రిపోర్టులో అబద్ధం ఏమీ ఉండదు కదా, ఆమె చూడకపోవడం నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఎంతమందికి ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో ఒక్కొక్కటీ గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతే గ్రెగ్ గదికి వెళ్లాను.

జరిగినదంతా చెప్పాను. మొదటి వారం నేనన్న మాటతో సహా చెప్పాను. మా వైపు చిన్నవాళ్లు పెద్దవాళ్ల పని వాళ్ల ముందే తనిఖీ చేస్తే అవమానించినట్టు లెక్క, ఆమె ఆగింది అందుకే, ఆపింది నేనే అన్నాను. పొద్దున ఎందుకు చెప్పలేదని గ్రెగ్ అడిగితే, సిగ్గేసి చెప్పలేదన్నాను. అప్పుడతను ఒకే ఒక ప్రశ్న వేశాడు. అయితే వేసవి నుంచి నువ్వు బిగించిన బళ్ల మీద ఉన్న పసుపు గీతలకు అర్థమేమిటి?

అది నాకు తట్టనే లేదు. ఒక్క బోల్టు సంగతి అనుకుంటూ వెళ్లాను. నిజానికి అప్పటిదాకా నా చేతి మీదుగా వెళ్లిన ముప్పై ఒక్క బళ్లలో దేనినీ రెండో మనిషి చూడలేదు. అన్నింటినీ వెనక్కి పిలవాలన్నాడు గ్రెగ్. ఓనర్లకు ఫోన్లు చేసే పని నాకే అప్పగించాడు. ప్రతి ఫోన్‌లోనూ నా పేరు చెప్పి, నేను బిగించినది సరిచూడకుండా పంపామని చెప్పాలి. చెప్పాను. కొందరు విసుక్కున్నారు. ఒకాయన నవ్వి, ఇంత నిజం చెప్పే మెకానిక్ మాట ఇప్పుడే వింటున్నానన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు చెందదని మాత్రం ఆయనకు చెప్పలేకపోయాను.

రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్లింది. సరిచూడవద్దన్నది లీడ్ అని అందులో నా వాంగ్మూలం చేర్చారు. మాధవికి రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చింది, ఉద్యోగం నిలిచింది. నన్ను లీడ్ పదవి నుంచి తీసేశారు. రిటైరయ్యేదాకా టెక్నీషియన్‌గానే పనిచేశాను. అది సరైన శిక్షేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

వెనక్కి వచ్చిన వాటిలో మొదట చూసింది వలంటీర్ల మిగతా మూడు బళ్లు. రెంచ్ మాధవి చేతిలో ఉంది. నేను అలవాటు కొద్దీ లిఫ్ట్ కింద, ప్లేటు పక్కనే నిలబడ్డాను.

“అంకుల్, కొంచెం జరుగుండ్రి. నాకు చెయ్యి ఆడాలె” అంది.

జరిగాను. మొదటి రెండు బళ్లకు పన్నెండు బోల్టులూ రెంచ్ పెట్టగానే టిక్కుమన్నాయి. ప్రతి టిక్కుకూ లోపల కాస్త ధైర్యం వచ్చింది. చివరి బండికి నాలుగో బోల్టు మీద రెంచ్ పెట్టినప్పుడు మాత్రం వెంటనే చప్పుడు రాలేదు. పసుపు గీత విరిగి, బోల్టు పావు వంతు తిరిగాక టిక్కుమంది. దాన్ని బిగించడం నేను మరిచిపోలేదు. పూర్తిగా బిగించానన్న నమ్మకం నాకు ఈ రోజుకీ ఉంది. మాధవి నా ముఖం వైపు చూసి, షీటులో ఏం రాయాలని అడిగింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

ఆమె రాసింది. కింద నేను సంతకం పెట్టాను. నా చేతి మీద నాకున్న నమ్మకానికీ, ఆ బోల్టు బిగువుకూ ఏ సంబంధమూ లేదని ఆ పావు వంతు తిప్పుతో తెలిసింది. ఆ తర్వాత నేను బిగించిన ప్రతి బండినీ మాధవే చూసింది. ఆమె రెంచ్ తీసుకుని రాగానే, చెప్పించుకోకుండా పక్కకు జరిగేవాణ్ణి.