మా బల్లి వదిన

మా ఆయనకు అక్క, నాకు వదిన. ఊళ్ళో వాళ్ళకు సంచులు కుట్టే ఆవిడ. రాతిగుట్టలు ఎక్కే క్లబ్బులో మాత్రం ఆమె పేరు బల్లి. పేరు పెట్టింది మా ఆయనే. గోడ కనిపిస్తే అతుక్కుపోతుంది, తోక ఒక్కటే తక్కువ అనేవారు. ఆమెకు కోపం రాలేదు సరికదా, తన భుజం సంచి మీద ఎర్ర దారంతో ఒక బల్లిని కుట్టుకుంది.

సంచుల దుకాణంలో ఆమె మిషను కిటికీ పక్కన ఉంటుంది. మందపాటి గుడ్డను సూది కిందికి తోసీ తోసీ ఆమె వేళ్ళు చెక్కలా గట్టిపడ్డాయి. వయసులో ఉండగా ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, ఆదివారాలు తీరిక ఉండదని తప్పించుకునేదట. మనిషి పొట్టి. పై అరలో డబ్బా అందకపోతే స్టూలు అడగదు, గట్టు మీద ఒక కాలు, కిటికీ అంచు మీద ఒక కాలు వేసి దించేస్తుంది. నా వంటింట్లో ఆ విద్య చాలాసార్లు చూశాను.

క్లబ్బంటే పెద్ద హంగేమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి నడుపుకుంటున్నది. సైకిల్ షాపు పైన ఒక గది, గోడ నిండా మేకులు, మేకులకు తాళ్ళు. క్లబ్బుకు పెద్ద ఒక పోస్ట్‌మాన్. ఆదివారం పొద్దున్నే అందరూ ఊరవతల గుట్ట దగ్గర చేరతారు. ఎక్కేవాళ్ళ నడుముకు కట్టిన తాడు పైకి వెళ్ళి, గుట్ట కొసన బిగించిన కొక్కెంలోంచి తిరిగి కిందికొస్తుంది. ఆ రెండో కొస కింద నిలబడ్డవాళ్ళ నడుము పట్టీ మీదుగా వాళ్ళ చేతిలో ఉంటుంది. పైవాళ్ళు జారితే కిందివాళ్ళు ఆపాలి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎక్కేవాళ్ళ ముడిని కిందివాళ్ళు చేత్తో తడిమి చూడాలి, కళ్ళతో చూస్తే చాలదు. చూసి "ఎక్కు" అనేదాకా కాలు నేల మీంచి లేవకూడదు.

వదిన తాడు ఎప్పుడూ మా ఆయనే పట్టుకునేవారు.

ఆయన గుండెపోటుతో పోయాక వదిన గుట్టకు వెళ్ళడం మానలేదు గాని, ఎక్కడం మానేసింది. ఒకసారి భుజం పట్టేసిందంది, ఒకసారి బూట్లు కరుస్తున్నాయంది. కొత్తవాళ్ళకు ముడులు నేర్పి, తాళ్ళు చుట్టి ఇంటికొచ్చేది. ఎవరు పట్టుకుంటామన్నా ఒప్పుకోలేదు. చివరికి ఒకరోజు నా వంటింటి గడప మీద కూర్చుని, బూట్లు క్లబ్బుకు ఇచ్చేస్తున్నానని, పేరు తీసేయమన్నానని చెప్పింది. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ మనిషికి ఆ గుట్ట తప్ప సంతోషమన్నది ఇంకెక్కడా లేదని నాకు తెలుసు. తమ్ముడితోపాటు అదీ పోవడం నేను చూడలేననిపించింది.

మర్నాడు సైకిల్ షాపు మెట్లెక్కి, తాడు పట్టుకోవడం నేర్పమని పోస్ట్‌మాన్‌ను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పట్టుకునేవాళ్ళు కాస్త బరువుండడమే మంచిదని, నాకు ఆ లోటు లేదని మర్యాదగానే చెప్పాడు. దూలం మీదుగా వేసిన తాడుకు ఇసుక మూట కట్టి ఆయన వదిలేస్తే, రెండో కొస పట్టుకుని నేను ఆపాలి. మొదటిసారి మూట ధడేల్మని పడింది. కింద షాపాయన కప్పు కూలిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ పడనివ్వలేదు.

సంగతి తెలిసి వదిన నవ్వింది.

"బావిలో బొక్కెన లాగడం అనుకున్నావా ఏంటే?"

"లాగడం కాదట వదినా, వదలకపోవడమేనట."

నా మాట తీసేయలేక ఆ ఆదివారం బూట్లు వేసుకుంది.

ఆ ముడి రెండు విడతల్లో వేస్తారు. ముందు తాడులో ఒక ముడి వేసి, కొసను నడుము పట్టీలోంచి దూర్చి, మళ్ళీ ఆ ముడి వెంటే వెనక్కి నడిపించాలి. వదిన కొసను పట్టీలోంచి దూర్చింది. అంతలో కొత్తగా చేరిన నర్సు తన పట్టీ మెలిపడిందని పిలిస్తే వెళ్ళి సరిచేసింది. తిరిగొచ్చి నేరుగా రాతి మీద చెయ్యి వేసింది.

నేను ముడి కోసం చెయ్యి చాపాను.

"చూడక్కర్లేదులే. ఈ చేతులకు అలవాటేగా."

"మీ తమ్ముడు చూసేవారా?"

"వాడా? నేను విసుక్కున్నా చూసేవాడు."

"అయితే నేనూ చూస్తా."

తడిమితే రెండో విడత లేదు. పట్టీలోంచి వచ్చిన కొస ఊరికే వేలాడుతోంది. దాన్ని ఎత్తి చూపించాను. వదిన ముఖం పాలిపోయింది. ఆ ముడి ఎందరికో నేర్పిన మనిషి. రాతి మీంచి చెయ్యి తీసేసింది.

"అందుకే వద్దన్నాను. వాడు పోయాక నా బుర్ర నా దగ్గర లేదే. పైకెళ్ళాక ఊడితే?"

"నేను ఎక్కమంటే కదా మీరు పైకెళ్ళేది?"

వదిన పక్కనున్న బండ మీద కూర్చుని, తాడంతా విప్పేసి, మిషను దగ్గర కొత్త సంచి మొదలుపెట్టినట్టు నింపాదిగా మొదటినుంచి కట్టుకుంది. లేచొచ్చి ముడి నా చేతికి అందించింది. తడిమి చూశాను.

"ఎక్కు" అన్నాను. ఆమెను "నువ్వు" అనడం అదే మొదటిసారి.

సగం దూరం ఎక్కి ఆగింది. తాడు మీదికి వాలుతున్నానని చెప్పి రెండు చేతులూ వదిలేసింది. ఆమె బరువంతా నా నడుము మీదికొచ్చింది, నన్ను ఒక అడుగు ముందుకు లాగేసింది కూడా. తాడు మాత్రం కదలనివ్వలేదు. వదిన ముఖం రాతివైపు తిప్పుకుని అక్కడే చాలాసేపు వేలాడుతూ ఉండిపోయింది. నేను తొందరపెట్టలేదు. నా కళ్ళూ ఆ సమయానికి సరిగ్గా లేవు. తర్వాత చేతులు తుడుచుకుని మళ్ళీ రాయి పట్టుకుంది, ఈసారి పైదాకా ఆగలేదు.

దించాక నీళ్ళు తాగింది. భుజం సంగతి అడిగితే, ఏ భుజం అంది. ఇంకా రొప్పు తగ్గకుండానే పోస్ట్‌మాన్‌ను పిలిచి, గుట్టకు ఎడమపక్కన ఎక్కే దారి ఖాళీగా ఉందేమో కనుక్కుంది.