గొర్రెల షెడ్డులో గుసగుస

మా బాబాయికి ఒకటే పిచ్చి: లోకమంతా గుసగుసగా మాట్లాడాలి. ఆయన గొర్రెల ఫారంలో పశువుల డాక్టరు. అక్కడి ల్యాబులో నేను ఆయన కింద పనికి కుదిరాను. అంత చాదస్తపు మనిషిని మళ్లీ చూడలేదు.

షెడ్డు గేటు దగ్గర ఎవరు తుమ్మినా పెదాల మీద వేలు పెట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు.

"ష్! లోపల చూలు గొర్రెలున్నాయి. గర్భసంచిని జోకొట్టి పడుకోబెట్టేది ప్రొజెస్టరాన్. తట్టి లేపేది ఈస్ట్రోజన్. నీ తుమ్ముకి అది లేచి కూర్చుంటే పూచీ ఎవరిది?"

గొర్రెలు మాత్రం గొంతు చించుకుని అరిచేవి. వాటికి ఈ రూలు వర్తించదట!

ఇంట్లోనూ ఇదే తంతు. కుక్కరు కూత పెడితే దానికీ "ష్!"

"మనింట్లో గొర్రెలెక్కడున్నాయండీ?" అనేది పిన్ని.

"అలవాటు తప్పకూడదే."

"ఉందిలెండి ఒకటి. మిమ్మల్ని కట్టుకున్నానుగా!"

ఫారం మేనేజరు ఇంకో ఘనుడు. ఆయనది రేకులు అదిరే గొంతు, ఆ గొంతుకు సరిపడా అహంకారం. మేత వేసే అక్కను తిట్టందే ఆయనకు పొద్దుపోదు. పాపం, ఇప్పుడు ఆ తిట్లూ గుసగుసగానే తిట్టాలి.

"బుద్ధుందా నీకు?" అని ఆమె చెవి దగ్గర ఊదేవాడు.

"ఏంటి సార్? వినపళ్లేదు."

మూడోసారికి ఆయాసం వచ్చి వెళ్లిపోయేవాడు.

ఓసారి ల్యాబులో పుస్తకం తిరగేస్తే బాబాయి బండారం బయటపడింది. కాన్పుకు ముహూర్తం పెట్టేది కడుపులోని పిల్లేనట. దాని ఒంట్లో పుట్టే కార్టిసాల్ అనే హార్మోను వల్ల తల్లిలో ప్రొజెస్టరాన్ తగ్గుతుంది, ఈస్ట్రోజన్ పెరుగుతుంది, గర్భసంచి ముడుచుకోవడం మొదలెడుతుంది. తుమ్ముల ప్రస్తావన ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండి పుస్తకం పట్టుకెళ్లి నిలదీశాను.

"నాకు తెలీదనుకున్నావురా?" అన్నాడు బాబాయి, గుసగుసగానే. "నువ్వు రాకముందు ఆ మేనేజరు అరుపులకి మేత వేసే అమ్మాయి రోజూ ఏడ్చేది. పని మానేస్తానంది. మానేస్తే ఇల్లు గడవదు. అరవొద్దంటే వింటాడా వాడు? గొర్రె కోసం అంటే విన్నాడు."

"మరి ఇంట్లో ఎందుకు?"

"అలవాటు తప్పి ఫారంలో ఎప్పుడైనా నోరు జారి గట్టిగా మాట్లాడితే దొరికిపోనూ!"

ఆ మాట అంటుండగానే మేనేజరు తలుపు తోసుకొచ్చి, నా చేతిలో పుస్తకం చూశాడు.

"ఏమయ్యా, నువ్వు చదువుకున్నవాడివి. ఈ గుసగుసల సంగతి నిజంగా అందులో ఉందా?" అని గట్టిగానే అడిగాడు. బాబాయి ముఖం పాలిపోయింది. గుమ్మం అవతల మేత తట్టతో అక్క ఆగిపోయింది.

నేను పుస్తకం టక్కున మూసి, పెదాల మీద వేలు పెట్టాను.

"ష్!"